బొమ్మల యుద్ధము - యంత్రపు తీర్పు

సంక్రాంతికి బొమ్మల కొలువు పేర్చు గృహిణులకు చిన్న బొమ్మలతో పెద్ద లోకమును చూపుట క్రొత్త విద్య కాదు. పై మెట్టున దేవతలు, నడుమ పెండ్లివారు, దిగువను అంగడి, పొలము, బావి: ఒక ఊరంతయు గదిలో నొక మూల కొలువై యుండును. ఐరోపా, అమెరికా ఖండములందు ఇట్టి నేర్పుతోనే మరియొక విధమైన కొలువు పేర్చువారు కలరు. వారు పేర్చునది యుద్ధభూమి. అంగుళమునకు కొంచెము మించిన యెత్తుగల సైనికులు, వారి దుస్తులపై ఆ కాలమునాటి రంగులు, గుఱ్ఱములు, ఫిరంగులు, పచ్చని గుడ్డతో పచ్చిక బయళ్లు, అట్టతో పల్లెలు, ఇవన్నియు పెద్ద బల్లమీద నమర్చి, చరిత్రలో నిజముగా జరిగిన యుద్ధమును మరల నడపుదురు. కొలువునకును దీనికిని గల ముఖ్యభేద మేమనగా, కొలువులోని బొమ్మలు కదలవు. ఇందలి బొమ్మలు కదలును, గెలుచును, ఓడును.

ఈ నెల ఈ వినోదమును గూర్చి ముచ్చటింప సంకల్పించితిమి. యుద్ధమను మాట చూడగానే ఇది మగవారి గోల యని పుట త్రిప్పివేయవలదని సోదరీమణులకు మా మనవి. ఈ కథలో స్త్రీలు చేసిన పని సామాన్యమైనది కాదు. అంతేకాక, యంత్రము చెప్పిన తీర్పును మనుష్యుడు ఎంతవరకు నమ్మవలెనను ప్రశ్న యొకటి ఈ యాటలో నిమిడి యున్నది. ఆ ప్రశ్న నేడు మన గడపలు దాటి లోపలికి వచ్చినది.

ఈ యాట నాడువారు ఏటేట సమ్మేళనములు జరుపుకొందురు. అమెరికాలో చారిత్రకపు బొమ్మల యుద్ధములను అభిమానించు సంఘమువారు నడపు హిస్టారికాన్ అను సమ్మేళనమును, లండను నగరములో జరుగు సెల్యూట్ అను సమ్మేళనమును ఇట్టివానిలో పేరుగాంచినవి. పెద్ద పెద్ద మందిరములలో పదులకొలది బల్లలు వేసి, ఒక్కొక్క బల్లమీద ఒక్కొక్క యుద్ధము నడపుదురు. బొమ్మలు, బల్లపై వేయు గుడ్డ, నియమములు, సమస్తమును ఆట నడపువాడే తెచ్చును. ఆడువారు ముందుగా పేరు వ్రాయించుకొని వచ్చి కూర్చుందురు. వీరిలో పలువురు ఒకరినొకరు ఎన్నడును చూచినవారు కారు. కొందరికి నియమములును తెలియవు. ఇంచుమించు నాలుగు గంటలలో అందరికిని పని కల్పించి, తగవులు రాకుండ చూచి, ఆట ముగింపవలెను. క్రొత్త చుట్టములు పదిమంది ఒక్కసారి భోజనమునకు వచ్చినప్పుడు ఇల్లాలు పడు శ్రమ యెట్టిదో, ఆ నడపువాని శ్రమ యట్టిది.

ఇందు అన్నిటికంటె కష్టమైనది లెక్క. నెపోలియను నాటి యుద్ధమొకటి పేర్చిన యెడల బల్లమీద ఇరువైపుల ఎన్నో పటాలము లుండును. ఒక్కొక్క పటాలములో ఎందరు మిగిలిరి, వారెంత బడలియున్నారు, మందుగుండు ఎంత కలదు, గుండెనిబ్బరము ఎంతవరకు నిలిచియున్నది, ఇవన్నియు గుర్తుంచుకొనవలెను. పూర్వపు పద్ధతిలో నియమముల పుస్తకము తెరచి, పట్టికలు వెదకి, పాచికలు వేసి, కాగితముపై గీతలు గీచికొనుచుండిరి. నేటికిని పెక్కుమంది ఆ విధముగనే చేయుదురు. సగము కాలము పట్టికలకే సరిపోవును. అదియుగాక, బల్ల చుట్టు నిలిచినవారికి సమస్తము కనబడుచుండును. ఆకసమున తిరుగు గ్రద్దకు వలె ఇరుసేనలును తేటతెల్లముగ కనబడు భాగ్యము నిజమైన సేనాని కెన్నడును లేదు.

ఈ లోపము నెరిగి మొట్టమొదట ఉపాయము కనిపెట్టినవారు ప్రష్యా దేశస్థులు. అచ్చట రైస్విట్జ్ అను నొక ప్రభువు 1812వ సంవత్సరమున తమ రాజగు మూడవ ఫ్రెడరిక్ విలియమునకు యుద్ధక్రీడతో కూడిన బల్ల నొకదానిని సమర్పించెను. ఆయన కుమారుడు ఫిరంగిదళములో ఉద్యోగి. అతడు దానిని సంస్కరించి 1824లో నియమములు ప్రకటించెను. ఆ పద్ధతిలో ఇరుపక్షముల సేనానులును శత్రువు నంతటిని చూడజాలరు. వారు తమ యాజ్ఞలను కాగితముపై వ్రాసి తీర్పరికి పంపవలెను. తీర్పరి ఆ యాజ్ఞలను పటముమీద నడిపి, ఎవరికి ఏది కనబడునో అంతమాత్రమే చూపును. ఒక్కొక్క వంతు రెండు నిమిషముల కాలమునకు సమానము. నష్టములను పాచికలు వేసి పట్టికలలో చూచి నిర్ణయించును. లెక్కలతో ప్రాణము విసిగి, వెర్డీ దు వెర్న్వా అను సేనాని 1876లో పట్టికలను, పాచికలను త్రోసివేసి, అనుభవశాలియగు తీర్పరి మాటయే ప్రమాణ మనెను. అంతట ఆట వేగముగ సాగెను గాని, ఆ తీర్పరి పక్షపాతి యైనచో దిక్కెవరు? లెక్కకు కట్టుబడుటా, మనిషిని నమ్ముటా అను వివాదము అంత పూర్వమే పుట్టినది.

ఈ యాటను సైనికుల గదులనుండి తీసి గృహములలో ప్రచారము చేసినవారిలో ముఖ్యుడు ఆంగ్ల గ్రంథకర్త హెచ్. జి. వెల్స్. ఆయన 1913లో ప్రకటించిన 'లిటిల్ వార్స్' అను పుస్తకములో సీసపు సైనికులను నేలపై నిలిపి, కొయ్య గుండ్లను పేల్చు ఆటఫిరంగితో కూల్చు విధానము కలదు. దెబ్బ తగిలినదో లేదో కంటికే కనబడును గనుక తీర్పరితో నంతగా పనిలేదు. తెలివిగల ఆడపిల్లలకు కూడ ఈ యాట తగినదని ఆ పుస్తకపు పూర్తి పేరులోనే కలదు. ఆ మాటలో కొంత పరిహాసము లేకపోలేదు. కాని ముప్పది యేండ్లు తిరుగకముందే ఆడపిల్లలు ఆ పరిహాసమునకు తగిన జవాబు చెప్పిరి.

రెండవ ప్రపంచయుద్ధములో ఇంగ్లండునకు ఆహారము, సామగ్రి తెచ్చు వర్తకపు ఓడల బిడారులను జర్మనుల జలాంతర్గాములు అట్లాంటిక్ సముద్రములో ముంచివేయుచుండెను. దీనికి విరుగుడు కనుగొనుటకు 1942 ఆరంభమున లివర్‌పూల్ నగరములో గిల్బర్ట్ రాబర్ట్స్ అను నౌకాధికారి యొక శాఖను నెలకొల్పెను. క్షయవ్యాధి మూలమున ఆయన అంతకుముందే కొలువునుండి విరమింపవలసి వచ్చినవాడు. ఆయనకు సహాయముగ వచ్చినవారిలో అధికులు నౌకాదళపు మహిళాశాఖకు చెందిన యువతులు. వారు గది నేలనే సముద్రముగ జేసి, దానిపై చిన్న ఓడబొమ్మలను నడిపి, దారులను సుద్దముక్కతో గీచిరి. ఓడల జాడలు తెల్లసుద్దతో, జలాంతర్గామి జాడ ఆకుపచ్చ సుద్దతో గీయుదురు. ఆడు నౌకాధికారులు గుడ్డతెరల వెనుక కూర్చుండి చిన్న రంధ్రములగుండ చూడవలెను. అక్కడినుండి ఆకుపచ్చని గీత కనబడదు! నిజమైన సముద్రముపై నౌకాధికారికి ఏది కనబడునో అంతమాత్రమే అతనికి కనబడును. ప్రతి రెండు నిమిషముల వంతునకు లెక్కచూచి, బొమ్మలు కదిపి, సమాచారము చేరవేయువారు ఆ యువతులే. ప్రతిదినము వాకిట ముగ్గుపెట్టు మన సోదరీమణులకు నేలపై చుక్క తప్పిన ముగ్గంతయు చెడునని తెలియును. అచ్చట చుక్క తప్పినచో చెడునది ముగ్గు కాదు. ఆ పాఠము నేర్చుకొని సముద్రముపైకి పోవు నావికుల ప్రాణము.

ఆ యాటవలననే జలాంతర్గామి బిడారు వెలుపలనుండి కాక, వెనుకనుండి ఓడల వరుసల నడుమ జొరబడి కొట్టుచున్నదని తేలెను. కనుక కాపలా ఓడలు దూరముగ పరుగెత్తక బిడారు వెనుకభాగమున వెదకవలెనని క్రొత్త వ్యూహము పన్నిరి. దానికి రాస్ప్‌బెరీ యని పేరుపెట్టినది జీన్ లెయిడ్‌లా అను యువతి. అది పండు పేరే కాక, ఇంగ్లీషువారు నోటితో వెక్కిరించు ధ్వనికి కూడ పేరు. ఆ వెక్కిరింత హిట్లరునకు! తరువాత ఆ నౌకాప్రాంతమునకు అధిపతియై వచ్చిన మాక్స్ హార్టన్ మొదటి ప్రపంచయుద్ధములో జలాంతర్గామి నడపుటలో ప్రసిద్ధుడు. ఆయన ఈ యాటలో జలాంతర్గామి పక్షము వహించి, జానెట్ ఓకెల్ అను పిన్నవయసు యువతి చేతిలో ఓడిపోయెను. యుద్ధము ముగియులోపల సుమారు 5,000 మంది నౌకాధికారులు ఆ గదిలో శిక్షణ పొందిరి. కంప్యూటరు అను ఇంగ్లీషు మాటకు పూర్వము లెక్కలు కట్టు మనిషి యని యర్థము. ఆ యుద్యోగములలో స్త్రీలు పలువురు పనిచేసిరి. ఆ మాటకు నేడు యంత్రమను నర్థము వచ్చినది గాని, పని ఆనాటిదే.

1980 తరువాతి సంవత్సరములలో చిన్న కంప్యూటర్లు ఇండ్లలోనికి వచ్చినవి. అంతట బొమ్మల యుద్ధము లాడువారు కొందరు తీర్పరి చేయు లెక్కను యంత్రమున కప్పగించిరి. అట్టి నియమావళులలో 'కార్నేజ్ అండ్ గ్లోరీ' అనునది పేరుపొందినది. విధానము తెలిసికొనుట కష్టము కాదు. ఆట నడపువాడు ముందుగా ప్రతి పటాలమునకు ఒక సంఖ్య నిచ్చి, అందలి జనసంఖ్యను, నేర్పును, నాయకులను యంత్రములో నెక్కించును. బొమ్మల పీఠముపై ఆ సంఖ్యను అంటించును. ఆటలో ఒక పటాలము కాల్చినప్పుడు, కాల్చిన దేది, ఎవరిపై, ఎంత దూరమునుండి, ఎదుటివారు గోడచాటున నున్నారా అను సంగతులు మీటలు నొక్కి తెలుపును. యంత్రము లోలోపల లెక్కించి, ఆ దళము నిలిచినది, వెనుకంజ వేసినది, చెదరిపోయినది అని ఫలితము చెప్పును. పాచికలు లేవు, పట్టికలు లేవు. బడలిక ఎంత, మందుగుండు ఎంత యను జమాఖర్చు యంత్రము కడుపులోనే యుండును.

దీనివలన కలుగు లాభము గ్రహించుటకు వాటర్లూ యుద్ధమును తలంచుకొనుడు. 1815 జూన్ 18వ తేదీ సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున ఫ్రెంచి సేనాని నే, వేలకొలది గుఱ్ఱపు రౌతులను ఇంగ్లీషు పదాతులపైకి పంపెను. పదాతులు చతురస్రముగ నిలిచి బాకులు చాచిరి. గుఱ్ఱములు మరల మరల వచ్చి మరల మరల వెనుదిరిగెను. కాలిబంటుల సహాయము లేని ఆ దాడులు వ్యర్థమై, శ్రేష్ఠమైన అశ్వికదళము నిస్సత్తువయైనది. అంత తెలివిగలవాడు అట్టి పని యెట్లు చేసెనని పుస్తకము చదువువారందరును ఆశ్చర్యపడుదురు. పట్టికలు చేతనున్న ఆటగాడు అట్టి పొరపాటు చేయడు. ఇంక రెండు దాడులకు మాత్రమే సత్తువ కలదని కాగితము చెప్పుచుండును. లెక్క యంత్రములో దాగియున్నప్పుడో, గుఱ్ఱములు బల్లమీద నిగనిగలాడుచునే యుండును. లోపల ఎంత అలసెనో తెలియదు. ఇంకొకసారి పంపిన గెలుపు మనదే యనిపించును. అప్పుడు నే పడిన భ్రమ యెట్టిదో ఆటగానికి స్వానుభవమున బోధపడును. తెలియనితనములో నిర్ణయము చేయుట ఎంత కష్టమో తెలిసికొనుటయే ఈ పద్ధతి నేర్పు ముఖ్యమైన చరిత్రపాఠమని మా యభిప్రాయము.

లాభముతోపాటు ఇక్కట్లును కలవు. ఎనిమిదిమంది ఆటగాండ్రు ఒక్క యంత్రము ముందర కాచుకొనియున్నచో, ఒకే పొయ్యిపై పెండ్లివంట వలె ఎవరికిని వేళకు అందదు. కనుక మీటలు నొక్కుటకు ఒకరు, బల్లచుట్టు తిరిగి ఆడువారిని విచారించుటకు మరియొకరు ఉండుట మేలు. పీఠములపై సంఖ్యలు తప్పుగ నంటించినయెడల ఒక దళమునకు తగిలిన దెబ్బ వేరొక దళము ఖాతాలో పడును. యంత్రము దానిని కనిపెట్టజాలదు. ఆట మొదలిడుటకు పూర్వమే ఇద్దరు కూర్చుండి ఒకరు చదువగా ఒకరు సరిచూడవలెను. విద్యుచ్ఛక్తి పోయినను నష్టము రాకుండ ప్రతి వంతు చివరను లెక్క భద్రపరచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, నడపువాడు తెరనే చూచుచు కూర్చుండరాదు. లెక్క బరువు తగ్గినది అతిథులను చూచుటకే గాని, యంత్రమును చూచుటకు కాదు. మొగము చిన్నబుచ్చుకొని మూల నిలిచిన క్రొత్తవానిని ఏ యంత్రమును కనిపెట్టదు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. అచ్చుపుస్తకములోని నియమమును ఓడినవాడు తెరచి చూచుకొనవచ్చును; ఇది అన్యాయమని వాదింపవచ్చును. పాచిక తానే వేసినవాడు తన యదృష్టమును తానే నిందించుకొనును. యంత్రములోని లెక్క కనబడదు. నీ దళము చెదరినదని తెరపై అక్షరములు వచ్చును. ఏల యని యడిగిన జవాబు రాదు. ఆ లెక్క ఆకాశమునుండి ఊడిపడినది కాదు. గుఱ్ఱము ఎన్ని దాడులకు డస్సిపోవును, రాజరక్షక దళము సామాన్య దళముకంటె ఎంత గట్టిది అను విషయములను ఒక మనుష్యుడు చదివి, యోచించి, తన యభిప్రాయము ప్రకారము అందు పెట్టినవాడు. చరిత్రకారు లిద్దరు ఆ విషయమున భేదింపవచ్చును. యంత్రమునుండి వచ్చినందున మాత్రమే ఆ యభిప్రాయము సత్యము కాజాలదు. చిన్నవారు ఈ భేదము నెరుగక, యంత్రము చెప్పినదే చరిత్ర యని తలంచుట ఈ యాటలోని నిజమైన అపాయము.

ఈ యపాయము ఆటబల్లతో ఆగిపోవునది కాదు. నేడు ఇల్లాలు బ్యాంకునకు పోయి అప్పు అడిగినచో, ఆమెను ఎరిగినవారు గాక ఒక యంత్రపు లెక్క ఆమె యోగ్యతను తూచుట కలదు. ఏల రాలేదని యడిగిన గుమాస్తా తల యెత్తక, సిస్టములో రాలేదమ్మా యనును. ఆయన కబద్ధమాడవలసిన పని లేదు; ఆయనకును తెలియదు. బొమ్మల యుద్ధములో నష్టము సీసపు సైనికులకు. ఇచ్చట నష్టము ఇంటికి. కావున యంత్రము తీర్పు చెప్పుచోట, ఆ తీర్పునకు పూచీపడి కారణము చెప్పు మనిషి యొకడు ఉండి తీరవలెనని మేము తలంచుచున్నాము.

బొమ్మల యుద్ధము నడపు ఉత్తములు ఈ ధర్మము నెరిగినవారే. ఆట ముగిసినపిమ్మట వారు బల్లచుట్టు అందరిని కూర్చుండబెట్టి, దాచియుంచిన లెక్కను విప్పి చూపుదురు: ఈ దళము మూడవ వంతుననే అలసియున్నది, ఆ ఫిరంగులకు మందు చాలక పోయినది, ఇచ్చట నియమావళి వ్రాసినవాని యభిప్రాయమిది, చరిత్ర పుస్తకములలో నున్నదిది యని చర్చింతురు. లివర్‌పూల్ గదిలోను ఆట ముగియగానే తెరలు తొలగించి, నేలపై గీతలు చూపి, జలాంతర్గామి ఎటు వచ్చెనో అధికారులకు వివరించుచుండిరి. ఆటలో దాచుట న్యాయము. ఆట తరువాత దాచుట న్యాయము కాదు.

పిల్లలకు యుద్ధముపై మోజు కలుగునేమో యని తల్లులు సందేహించుట సహజము. సైనికుని బొమ్మకు రంగువేయుటకై ఆ కాలపు వేషభాషలు, దేశముల భూగోళము, రాజుల పొరపాట్లు చదివిన పిల్లవాడు బుద్ధిహీనుడు కాడు. అయినను పెద్దలు ప్రక్కన నుండవలెను. వెల్స్ సహితము తన పుస్తకము చివర, ఈ చిన్న యాటలోనే ఇన్ని పొరపాట్లు జరుగగా నిజమైన మహాయుద్ధ మెంత తెలివిమాలినదో చూడుడని హెచ్చరించెను. మరుసటి యేడు, 1914లో, మహాయుద్ధము వచ్చియే వచ్చెను. వాటర్లూ పొలములో ఒక్క దినమున చచ్చినవారు, గాయపడినవారు కలిసి నలుబదివేలకు పైబడిరి. బల్లమీద పడిన బొమ్మలను సాయంకాలము తుడిచి పెట్టెలో సర్దుకొందుము; ఆ పొలములో పడినవారిని ఏ తల్లియు ఇంటికి తెచ్చుకొనలేకపోయెను. ఈ మాట ఏ యంత్రమును తెరపై చూపదు. దానిని చెప్పవలసినవారు పెద్దలే.

కావున సోదరీమణులారా, మీ పిల్లలు ఇట్టి యాట పట్టినచో వలదని కసరకుడు; దూరముగను తొలగిపోకుడు. లెక్క యంత్రమునే కట్టనిండు. ఆట ముగిసిన వెనుక వారి దరిని కూర్చుండి, ఎవరు గెలిచిరని అడుగుటకు ముందు, ఆ తీర్పు ఏల వచ్చినదని అడుగుడు. యంత్రము అట్లు చెప్పినది అనుట జవాబు కాదని వారికి చిన్ననాడే తెలిసినయెడల, పెద్దవారైన పిమ్మట ఏ కచేరిలోను ఆ జవాబు విని తలవంచుకొని తిరిగిరారు.